రెండేళ్ళ పిల్లాడితో డిస్నీ వరల్డ్: సామాను, నిద్ర, తిండి ఎలా సర్దుకోవాలి?

కోనసీమ_కోడలు

నమస్కారమండీ. జూన్ రెండో వారంలో డాలస్ నుంచి ఓర్లాండో వెళ్తున్నాం. ఆరుగురం. మేమిద్దరం, అమలాపురం నుంచి వచ్చిన అత్తయ్యగారు, మావయ్యగారు, 7 ఏళ్ళ పాప (ఎత్తు 46 అంగుళాలు), 2 ఏళ్ళ 2 నెలల బాబు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. నాలుగు పార్కులు, రోజుకొకటి. హోటల్ డిస్నీ వాళ్ళది కాదు, బయట 20 నిమిషాల దూరంలో. కారు అద్దెకి తీసుకుంటున్నాం. బాబు మధ్యాహ్నం 12.30కి పడుకుంటే 2.30కి లేస్తాడు. పప్పన్నం, పెరుగన్నం తప్ప బయటి తిండి ముట్టడు.

రైడ్ల జాబితాలు ఎక్కడ చూసినా ఉన్నాయి, అవి వద్దు. ఏ వస్తువు ఎవరి దగ్గర ఉండాలి, పిల్లాడి నిద్ర ఎక్కడ, అన్నం ఎక్కడ, ఈ క్రమం ఎలా పెట్టుకోవాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

టాంపా_తెలుగోడు

ముందు 12.30 అని కాగితం మీద రాసుకుని అక్కణ్ణుంచి వెనక్కి లెక్కెయ్యండి. 12.30కి నిద్ర అంటే 11.45కి అన్నం. డైపర్ మార్చి, చేతులు కడిగి కూర్చోబెట్టాలంటే 11.30కల్లా రైడ్లు ఆపెయ్యాలి. పార్కు 9కి తెరిస్తే మీ చేతిలో ఉన్నది రెండున్నర గంటలు. అందులో నాలుగు పడతాయి. ఐదోది ఇరికిస్తే అన్నం ఆలస్యం, నిద్ర ఆలస్యం, ఆ తరవాత సాయంత్రం అంతా ఏడుపే. ఐదోది వదిలెయ్యండి.

మేజిక్ కింగ్‌డమ్ రోజుని మిగతా మూడు రోజుల్లా అనుకోకండి. ఎప్కాట్, హాలీవుడ్ స్టూడియోస్, ఏనిమల్ కింగ్‌డమ్ ఈ మూడింటికీ పార్కింగ్ గేటు ఎదురుగానే ఉంటుంది. మేజిక్ కింగ్‌డమ్‌కి మాత్రం ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ టికెట్ సెంటర్ దగ్గర కారు ఆపి, సెక్యూరిటీ అయ్యాక మోనోరైల్లోనో పెద్ద పడవలోనో చెరువు దాటాలి. కారు దిగిన దగ్గర్నుంచి గేటు లోపల అడుగు పెట్టేదాకా 45 నిమిషాలు వేసుకోండి. మధ్యాహ్నం హోటల్‌కి వెళ్ళి పడుకోబెట్టి తీసుకొద్దామంటే రానూపోనూ ప్రయాణానికే రెండు గంటలు పోతాయి. కాబట్టి ఆ ఒక్క రోజు నిద్ర స్ట్రోలర్‌లోనే (పిల్లల తోపుడు బండి). మిగతా మూడు రోజులూ హోటల్‌కి వెళ్ళిపోండి. పార్కింగ్ డబ్బు రోజుకి ఒకసారే కట్టాలి, రసీదు దాచుకుంటే సాయంత్రం మళ్ళీ అడగరు.

ఇంకో మాట. నాలుగు రోజుల టికెట్ ఏడు రోజుల లోపల ఎప్పుడైనా వాడుకోవచ్చు. రెండో రోజు తరవాత ఒక రోజు ఖాళీ పెట్టండి. బట్టలు ఉతుక్కోవడానికీ, మోకాళ్ళకీ, పిల్లాడి నిద్రకీ అదే మందు.

ఓరుగల్లు_ఆడపడుచు

స్ట్రోలర్ గురించి నేను రాస్తాను, ఎందుకంటే రోజంతా మీ ఇల్లు అదే.

వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 అంగుళాలు మించకూడదు. లాగే వ్యాగన్లని 2019 మే నుంచి రానివ్వట్లేదు. పార్కులో అద్దెకిచ్చేవి గట్టి ప్లాస్టిక్‌వి, వెనక్కి వాలవు, పార్కు బయటికి తీసుకెళ్ళనివ్వరు. మీవాడు అందులోనే పడుకోవాలి కాబట్టి ఇంటి నుంచి తెచ్చుకోండి, లేకపోతే బయటి దుకాణాల్లో వెనక్కి బాగా వాలేది అద్దెకి తీసుకోండి.

ఇప్పుడు సర్దడం. పోతే పని ఆగిపోయే వస్తువు ఏదీ స్ట్రోలర్‌లో ఉండకూడదు. క్యూల్లోకి స్ట్రోలర్ రాదు, బయట వదిలి వెళ్ళాలి. ఫోను, కార్డులు, కారు తాళం, మందులు నడుముకి కట్టుకునే సంచిలో ఉండాలి. అందులోనే ఒక డైపర్, పది తడి వైప్స్ చిన్న జిప్ కవర్లో. క్యూలో అరగంట గడిచాక అవసరం పడేది ఆ ఒక్కటే.

హ్యాండిల్‌కి బరువైన సంచి తగిలించకండి. పిల్లాడు కూర్చున్నంతసేపూ బాగానే ఉంటుంది. వాణ్ణి ఎత్తుకున్న మరుక్షణం బండి వెనక్కి పడిపోతుంది. తొందరలో సగం దించి సగం పట్టుకున్నప్పుడు పడితే వాడి తలకే దెబ్బ.

అడుగు బుట్ట విషయంలో చాలామందికి తట్టనిది ఒకటుంది. సీటు వెనక్కి వాల్చగానే బుట్ట వెనక వైపు మూసుకుపోతుంది, చెయ్యి దూరదు. పిల్లాడు నిద్రపోతున్నప్పుడు కావలసినవి (నీళ్ళు, మీ తిండి, వాన కవరు) ముందు వైపు నుంచి అందేలా పెట్టండి. పొడి బట్టలు, మిగిలిన డైపర్లు వెనక వైపు. ఇంట్లోనే ఒకసారి సీటు వాల్చి ఏ వైపు నుంచి చెయ్యి దూరుతుందో చూసుకోండి, ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది.

డైపర్లు రెండు గంటలకి ఒకటి చొప్పున, పైన మూడు. పది గంటల రోజుకి ఎనిమిది. నీళ్ళలో ఆడించే చోటికి వెళ్తే ఈత డైపర్ ఒకటి వేరే. డంబో దగ్గర కేసీ జూనియర్ అనే నీళ్ళు చిమ్మే చోటు ఉంది. మామూలు డైపర్ నీళ్ళు పీల్చి మోకాళ్ళ దాకా జారుతుంది.

స్ట్రోలర్ నిలిపే చోట సిబ్బంది వాటిని అటూఇటూ సర్దుతుంటారు. వదిలిన చోట లేదని కంగారు పడొద్దు, అదే వరసలో ఇంకో పక్కన ఉంటుంది. నల్ల స్ట్రోలర్లు వంద ఉంటాయి కాబట్టి హ్యాండిల్‌కి పసుపు రంగు రిబ్బనో పాత చీర అంచో కట్టండి. పేరు, ఫోను నంబరు రాసిన చీటీ లోపలి వైపు ఉంచండి.

బెజవాడ_బాబాయి

అమ్మాయ్, తిండికి ఇంత ఆలోచన ఎందుకు? మన ఇళ్ళల్లో రైలు ప్రయాణానికి చేసే పద్ధతే. అన్నం మెత్తగా వండి, గోరువెచ్చగా ఉండగా పాలు పోసి, ఒక చెంచా పెరుగు కలిపి డబ్బాలో పెట్టు. మధ్యాహ్నానికి తోడుకుని కమ్మగా ఉంటుంది, పులవదు.

పిల్లల_నర్సు

బాబాయిగారూ, ఆ పద్ధతి నాకూ ఇష్టమే, కానీ ఫ్లోరిడా జూన్‌లో రెండేళ్ళ పిల్లాడికి వద్దండీ. పాలు తోడుకోవాలంటే వెచ్చగా ఉండాలి. ఐస్ సంచిలో పెడితే తోడుకోదు, చల్లటి పాలన్నంగానే మిగులుతుంది. బయట పెడితే తోడుతో పాటు అక్కర్లేని సూక్ష్మజీవులూ పెరుగుతాయి. వండిన అన్నం, పాలు బయట రెండు గంటలు మించి ఉంచకూడదని ఇక్కడి లెక్క. ఎండ 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ఒక్క గంటే. జూన్‌లో ఓర్లాండో మధ్యాహ్నాలు తరచుగా అక్కడికి చేరతాయి.

ఎలక్ట్రాల్ లాంటి ఓఆర్ఎస్ పొట్లాలు ఇండియా నుంచి వచ్చి ఉంటే తీసుకెళ్ళండి. పెద్ద పొట్లం లీటరు నీళ్ళకి. ఇక్కడ దొరికే మామూలు నీళ్ళ సీసా అర లీటరు, అంటే పొట్లం మొత్తం రెండు సీసాల నీళ్ళలో కలవాలి. ఒక సీసాలో పొట్లమంతా వేస్తే ఉప్పు రెట్టింపవుతుంది, పసివాడికి అది మేలు కన్నా కీడు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి.

జ్వరం సిరప్ విషయంలో కూడా జాగ్రత్త. ఇండియా పారాసెటమాల్ సిరప్‌లలో 5 మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాములవీ ఉన్నాయి, 250వీ ఉన్నాయి. ఇక్కడ పిల్లల సిరప్‌లో 160. తాతగారు తెచ్చిన సీసా, మీరు ఇక్కడ కొన్న సీసా రెండూ ఒకే సంచిలో ఉంటే చెంచా లెక్క తప్పుతుంది. ఏదో ఒక్కటే తీసుకెళ్ళండి. బాబు బరువుకి ఎన్ని మిల్లీగ్రాములో మీ డాక్టర్‌ని ముందే అడిగి సీసా మీద రాసి అంటించండి.

పాలకోవా

నర్సుగారు చెప్పినట్టు చల్లగానే ఉంచి, తినే ముందు వేడి చేసుకోండి. ప్రతి పార్కులోనూ బేబీ కేర్ సెంటర్ ఉంది. డైపర్ మార్చే బల్లలు, పాలిచ్చే గది, పిల్లల ఎత్తు కుర్చీలు, సింకు, మైక్రోవేవ్ అన్నీ ఉంటాయి, లోపల ఏసీ. డబ్బులు తీసుకోరు. మేజిక్ కింగ్‌డమ్‌లో మెయిన్ స్ట్రీట్ చివర ఎడమ వైపు, క్రిస్టల్ ప్యాలెస్ పక్కన. ఎప్కాట్‌లో ఒడిస్సీ భవనంలో. హాలీవుడ్ స్టూడియోస్‌లో లోపలికి రాగానే గెస్ట్ రిలేషన్స్ దగ్గర. ఏనిమల్ కింగ్‌డమ్‌లో డిస్కవరీ ఐలాండ్‌లో. మీ 11.30 మజిలీ ఇదే.

పప్పన్నం రాత్రే మెత్తగా కలిపి, పిడికెడేసి రెండు చిన్న మైక్రోవేవ్ డబ్బాల్లో పెట్టి ఫ్రిజ్‌లో పూర్తిగా చల్లారనివ్వండి. వేడిది నేరుగా ఐస్ సంచిలో పెడితే జెల్ ప్యాకు గంటలో కరిగిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం బిరుసెక్కుతుంది కాబట్టి అక్కడ రెండు చెంచాల నీళ్ళు చల్లి, మూత వదులుగా పెట్టి 40 సెకన్లు తిప్పండి. తీసి బాగా కలపండి. మైక్రోవేవ్‌లో అంచులు కాలిపోతాయి, నడుమ చల్లగా ఉంటుంది. సరిపోకపోతే ఇంకో 20 సెకన్లు. పొగలొచ్చేంత వేడెక్కాక ఆరబెట్టి, మణికట్టు మీద చూసి పెట్టండి.

పెరుగన్నం మాత్రం కలిపి తీసుకెళ్ళకండి. మైక్రోవేవ్‌లో పెరుగు విరిగి నీళ్ళొదులుతుంది. ఉత్త అన్నం వేడి చేసి, ఆరాక, చిన్న కప్పు సాదా పెరుగు విప్పి అప్పటికప్పుడు కలపండి. చిటికెడు ఉప్పు పొట్లం కట్టుకోండి.

ఐస్ సంచిలో విడి ఐసు ముక్కలు, డ్రై ఐసు ఒప్పుకోరు. జెల్ ప్యాకులు పరవాలేదు. దానికన్నా మేలు, అర లీటరు నీళ్ళ సీసాలు రెండు, మెడ దగ్గర రెండంగుళాలు ఖాళీ ఉంచి గడ్డకట్టించడం. పొద్దున్న అవే ఐసు, మధ్యాహ్నం అవే నీళ్ళు. గాజు సీసాలు వద్దు, పసిపిల్లల ఫుడ్ సీసాలకి మాత్రం మినహాయింపు ఉంది. తాగడానికి చల్లటి నీళ్ళు కౌంటర్ సర్వీస్ హోటళ్ళలో అడిగితే గ్లాసుల్లో ఉచితంగా ఇస్తారు, కాబట్టి ఆరుగురి నీళ్ళూ మొయ్యక్కర్లేదు.

టాంపా_తెలుగోడు

ఇక్కడ మనవాళ్ళందరూ ఇరుక్కునే చోటు ఒకటి. సెక్యూరిటీ గేటు స్టీలు డబ్బాలకి, స్టీలు ఫ్లాస్కులకి, మడత గొడుగులకి మోగుతుంది. మోగిందా, సంచి మొత్తం బల్ల మీద విప్పించి చూస్తారు, వెనక ఆరుగురూ ఆగిపోతారు. డబ్బాలు ప్లాస్టిక్‌వి పెట్టుకోండి. స్టీలు తప్పనిసరైతే, గొడుగుతో పాటు సంచిలోంచి తీసి చేత్తో ముందుకి చాపి పట్టుకుని నడవండి.

కోనసీమ_కోడలు

బుట్ట సంగతి వెంటనే వాల్చి చూశాను, ముందు నుంచే చెయ్యి దూరుతోంది. అందరికీ కృతజ్ఞతలు. ఇంకో మూడు సందేహాలు.

అత్తయ్యగారికి క్యూ లేకుండా పంపే కార్డు ఏదో ఉందట కదా? పాపని పెద్ద రైడ్లు ఎక్కించేటప్పుడు బాబుని ఎవరు చూసుకోవాలి? జనంలో బాబు తప్పిపోతే ఏం చెయ్యాలి?

గుంటూరు_గోంగూర

కార్డు ఆశ వదులుకోండి. డాస్ (డిసెబిలిటీ యాక్సెస్ సర్వీస్) అంటారు దాన్ని. 2024 నుంచి ఆటిజం లాంటి ఎదుగుదల సమస్యలున్నవాళ్ళకే పరిమితం చేశారు. మోకాళ్ళ నొప్పులకి వీల్‌చెయిరే దారి. గేటు దగ్గర అద్దెకి దొరుకుతుంది, చాలా క్యూల్లోకి వీల్‌చెయిర్ వెళ్తుంది. అత్తయ్యగారికి మొహమాటం ఉంటే ముందే ఇంట్లో చెప్పి ఒప్పించండి. మధ్యాహ్నం కాళ్ళు వాచాక ఒప్పుకుంటే అప్పటికి సగం రోజు పోయింది.

వీల్‌చెయిర్ తోసేవాళ్ళు ఒకరు, స్ట్రోలర్ తోసేవాళ్ళు ఒకరు. ఇంక పాప చెయ్యి పట్టుకోవడానికి మిగిలింది మావయ్యగారే. ఆయన చేతికి సంచులు ఇవ్వకండి. ఎవరి వంతు ఏమిటో పొద్దున్నే చెప్పుకోండి, గేటు దగ్గర కాదు.

పెద్ద రైడ్ల మాట. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్‌కి 38 అంగుళాలు ఉండాలి, స్పేస్ మౌంటెన్‌కి 44. పాపకి రెండూ సరిపోతాయి. ట్రాన్‌కి 48, కుదరదు. ఈ మాట పాపకి ఇంట్లోనే చెప్పండి, కొలబద్ద దగ్గర తెలిస్తే ఏడుస్తుంది. బాబు కోసం రైడర్ స్విచ్ అడగండి. బాబుతో సహా అందరూ రైడ్ మొదట్లో నిలబడి సిబ్బందికి చెప్పాలి. ఒకరు పాపతో క్యూలో వెళ్తారు, రెండోవారు బాబు దగ్గర ఉంటారు. వాళ్ళు దిగాక రెండోవారు లైట్నింగ్ లేన్ (మామూలుగా డబ్బు కట్టి ముందే బుక్ చేసుకునే తక్కువ క్యూ) దారిలో లోపలికి వెళ్తారు. బాబు అక్కడ లేకుండా, తాతగారి దగ్గర ఎక్కడో ఉన్నాడంటే ఇవ్వకపోవచ్చు.

బామ్మ, తాతగారు పిల్లాడితో కూర్చుంటే మీరిద్దరూ పాపతో కలిసి వెళ్ళొచ్చు, అది ఇంకా సుఖం. వాడు నిద్రపోయిన రెండు గంటలు దానికి వాడుకోండి. వాళ్ళ ఫోన్లలో ఇండియా సిమ్ ఉంటే మాత్రం ఆలోచించాలి. పార్కులో వైఫై ఉచితమే, వాట్సాప్ కాల్ వెళ్తుంది, కానీ జనం మధ్య తెగిపోతుంటుంది. ఒక ఇక్కడి సిమ్ వేసివ్వండి. కలుసుకునే చోటు "కోట దగ్గర" అని చెప్పొద్దు, కోట చుట్టూ వేలమంది ఉంటారు. కూర్చున్న బెంచీ, పక్కనున్న బోర్డు ఫోటో తీసి ఆయన ఫోనుకి, మీ ఫోనుకి పంపుకోండి.

పిల్లల_నర్సు

తప్పిపోవడం గురించి. రోజూ గేటు దగ్గర బాబుని నిలువెత్తున ఒక ఫోటో తియ్యండి. కంగారులో చొక్కా రంగు ఎవరికీ గుర్తుండదు. చేతికి మీ ఇద్దరి నంబర్లు రాసిన పట్టీ కట్టండి. కనబడకపోతే వెతుకుతూ దూరం పోవద్దు, ఒకరు అక్కడే నిలబడి, రెండోవారు పేరు బిళ్ళ పెట్టుకున్న దగ్గరి ఉద్యోగికి వెంటనే చెప్పాలి. దొరికిన పిల్లల్ని బేబీ కేర్ సెంటర్‌కే తీసుకొస్తారు, అందుకే పెద్దవాళ్ళకి ఆ చోటు మొదటి రోజే చూపించండి.

నిద్రపోయేటప్పుడు ఎండ తగలకుండా స్ట్రోలర్ మీద దుప్పటి, చున్నీ పూర్తిగా కప్పే అలవాటుంది. దయచేసి అలా చెయ్యకండి. లోపల గాలి ఆడక నిమిషాల్లో వేడెక్కుతుంది. పైకప్పు దించి, నీడలో ఆపి, మూడు వైపులా గాలి ఆడనిచ్చి, వేలు దూరని జాలీ ఉన్న చిన్న ఫ్యాను పెట్టండి. సన్‌స్క్రీన్ బట్టలు తొడిగే ముందే హోటల్లో రాసి, రెండు గంటలకొకసారి మళ్ళీ రాయండి.

ఓరుగల్లు_ఆడపడుచు

వాన సంగతి ఎవరూ రాయలేదు. జూన్ మధ్యాహ్నాల్లో ఉరుముల వాన దాదాపు నిత్యం. పిడుగులు దగ్గర్లో ఉంటే డంబో లాంటి ఆరుబయట రైడ్లు ఆపేస్తారు. ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్, విన్నీ ద పూ, ఫిల్హార్‌మేజిక్ లోపలివి కాబట్టి నడుస్తాయి, వాటిని మధ్యాహ్నానికి దాచుకోండి. స్ట్రోలర్ బయటే తడుస్తుంది. స్నానాల గదికి వాడే పల్చటి ప్లాస్టిక్ తెర ఒకటి, బట్టల క్లిప్పులు నాలుగు ఉంటే మొత్తం కప్పొచ్చు. పిల్లాడు లోపల ఉన్నప్పుడు మాత్రం అది కప్పకండి, అప్పుడు గాలి రంధ్రాలున్న వాన కవరే.

పాత పోస్టులు చూసి ప్లాను వేసుకుంటే ఒకటి గమనించండి. మేజిక్ కింగ్‌డమ్‌లో పార్కు లోపలి రివర్‌బోట్ పడవ ప్రయాణం, టామ్ సాయర్ దీవి 2025 జూలైలో మూసేశారు. ఏనిమల్ కింగ్‌డమ్‌లో పిల్లలు ఇసుకలో ఆడుకునే బోన్‌యార్డ్ కూడా ఆ ఏడాదే పోయింది. పిల్లాణ్ణి వదిలి ఆడించడానికి అవే చెప్పేవాళ్ళు.

టాయిలెట్ అలవాటు చేస్తున్నారా? చేస్తుంటే అంటుకునే పసుపు చీటీల కట్ట ఒకటి నడుము సంచిలో వెయ్యండి. అక్కడి ఫ్లష్‌లు సెన్సర్‌వి. చిన్నపిల్లలు కూర్చుంటే మనిషి లేరనుకుని కింద నుంచి హోరున నీళ్ళు వదులుతాయి. ఒకసారి బెదిరితే ఆ రోజంతా మళ్ళీ కూర్చోరు. సెన్సర్ కన్ను మీద చీటీ అంటించి, వాడు లేచి బయటికొచ్చాక తీసెయ్యండి.

కోనసీమ_కోడలు

చేస్తున్నామండీ, చీటీలు ఇప్పుడే జాబితాలో రాశాను. మేజిక్ కింగ్‌డమ్ రోజుకి ఇలా అనుకుంటున్నాం, సరిచూడండి.

7.30కి పార్కింగ్, 8.15కి గేటు. వీల్‌చెయిర్ తీసుకోవడం. 9 నుంచి పీటర్ పాన్, పూ, డంబో, అల్లాదీన్ తివాచీలు. 11.30 బేబీ కేర్, పప్పన్నం. 12.30 నిద్ర, నీడలో అత్తయ్యగారు, మావయ్యగారు కాపలా, మేమిద్దరం పాపతో స్పేస్ మౌంటెన్. 2.30 నుంచి లోపలి రైడ్లు. 5కి తిరుగు ప్రయాణం. లైట్నింగ్ లేన్ మూడు రోజుల ముందు పొద్దున్న 7కి డాలస్‌లో ఉండగానే బుక్ చేస్తాం.

గుంటూరు_గోంగూర

రెండు మార్పులు. పూ లోపలి రైడు కాబట్టి వాన వేళకి జరపండి. పొద్దున్న పీటర్ పాన్ తరవాత నేరుగా డంబోకి వెళ్ళి, పక్కనే నీళ్ళలో ఆడించి, అక్కడే డైపర్, బట్టలు మార్చండి. తివాచీలు అడ్వెంచర్‌లాండ్‌లో, బేబీ కేర్‌కి వెళ్ళే దారిలోనే, చివర్న పెట్టుకున్నది బాగుంది. స్పేస్ మౌంటెన్ టుమారోలాండ్ చివర ఉంది, నిద్ర చోటు దానికి దగ్గర్లో వెతకండి, క్రిస్టల్ ప్యాలెస్ వైపు వద్దు.

టాంపా_తెలుగోడు

బుకింగ్ వేళ చూసుకోండి. 7 అంటే ఓర్లాండో టైము. డాలస్‌లో అప్పటికి 6. మీ ఫోన్లో అలారం 5.45కి పెట్టుకుని, ముందు రోజు రాత్రే యాప్‌లో కార్డు వివరాలు, పాపతో సహా ఎక్కేవాళ్ళందరి టికెట్లు ఒకే ఖాతాలో ఉన్నాయో లేదో సరిచూసుకోండి.